పక్కకి ఒరిగిన గొడుగులు

పోయిన వారం మనం కళ్ళజోళ్ళాయన్ని దుకాణంలో వదిలేసి వచ్చాం. అవతలివాళ్ళు ఫోను పెట్టేసి చాలాసేపయినా, ఆయన మటుకు చెవి దగ్గర్నించి తియ్యకుండా నిలబడి ఉన్నాడు. మనకి వారం గడిచింది గానీ ఆయనకి గడిచింది ఒక్క రాత్రే, అదీ నిద్ర లేకుండా.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఊరి చివర అడవి ఉంది, అడవి మధ్యలో వాగు ఉంది. అడవిలోంచి కొత్త రోడ్డు వెయ్యాలని పురపాలక సంఘం ఏనాడో తీర్మానించింది. వాగుకి ఇవతల వెయ్యాలా, అవతల వెయ్యాలా అన్నదే తేలలేదు. ఈలోగా, ఆదివారాలు అడవిలో నడుస్తూ మొక్కల్నీ పురుగుల్నీ ఫొటోలు తీసుకునే బృందం ఒక క్యాలెండరు వేసింది. దాని అట్ట మీద, వాగుకి ఇవతల పడిపోయి ఉన్న దుంగ, దాని మీద నాలుగు నీలి పుట్టగొడుగులు. తీసింది మన కళ్ళజోళ్ళాయన. కాలేజీలో మొక్కల పాఠం చెప్పే మేడమ్ ఆ ఫొటో చూసి, ఈ రకాన్ని ఈ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరనీ, ఇవతలి గట్టు ముట్టుకోవడానికి వీల్లేదనీ అర్జీ పెట్టింది. సంఘం ఒప్పుకుంది. రోడ్డు అవతలి గట్టుకి జరిగింది. ఆదివారం పొద్దున అందరూ దుంగ దగ్గరికి వెళ్ళి, చోటు కళ్ళారా చూసి, కాగితం మీద సంతకాలు పెట్టడమే తరువాయి. శుక్రవారం సాయంత్రం మేడమ్ ఫోను చేసి, అట్ట మీది ఫొటో తీసిన రోజు ఫొటోలన్నీ పంపమంది. బాగా వచ్చిందొక్కటే కాదు, చెడిపోయినవి కూడా. "అలాగేనండీ" అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఆ తర్వాతే ఫోను చెవికి అతుక్కుపోయింది.

శనివారం పొద్దున వేళకే దుకాణం తీశాడు. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి ఆయన బిగించిన జోళ్ళే. అలాంటి మనిషి ఆ పూట ఒక పెద్దాయన ఫ్రేములో కుడి అద్దాన్ని ఎడమకీ, ఎడమ అద్దాన్ని కుడికీ బిగించాడు. పెద్దాయన పెట్టుకుని గుమ్మం దాకా నడిచి, మెట్టు ఉందో లేదో తేల్చుకోలేక అక్కడే ఆగిపోయాడు. కళ్ళజోళ్ళాయన క్షమించమని వెనక్కి పిలిచి, చిన్న స్క్రూడ్రైవరుతో మళ్ళీ విప్పి సరిచేశాడు. ముప్పై ఏళ్ళలో ఇలాంటిది ఇదే మొదలు.

పెద్దాయన వెళ్ళగానే సొరుగులోంచి కెమెరా తీశాడు. ఆ రోజువి మొత్తం పద్దెనిమిది. మొదటి ఏడూ చీకటి. వాటిలో ఏముందో తీసినవాడికి తప్ప తెలియదు. ఎనిమిదో దాన్నించి మంచి వెలుతురు. ఏడో దానికీ ఎనిమిదో దానికీ మధ్య నలభై నిమిషాలు తేడా ఉంది, ఎవరూ అడగకపోయినా కెమెరా ఆ సంగతి కింద అంకెల్లో చూపిస్తోంది. ఏడూ చెరిపేస్తే తీరిపోతుంది. బొత్తాం మీద వేలు పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. భయం వేసింది ఆయనకి. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి, సొంత దుకాణంలో, పట్టపగలు, వేలికొనంత బొత్తాన్ని చూసి భయం.

వేలు అక్కడ ఉండగానే తలుపు తోసుకుని వదిన వచ్చింది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కెమెరాని సొరుగులోకి జార్చేశాడు.

వదినంటే అన్నగారి భార్య. ఆవిడ ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి మరిదికి పన్నెండేళ్ళు. అందుకే ఇప్పటికీ అమ్మతో మాట్లాడినట్టే ఆవిడతో "నువ్వు" అనే మాట్లాడతాడు. ముప్పై అయిదేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. అన్నయ్య పోయి నాలుగేళ్ళయింది. ఆదివారాల నడక మొదలుపెట్టింది అన్నయ్యే. అడవిలో దేన్నీ కదిలించకూడదని, ఆకు అడ్డం వస్తే మనమే పక్కకి జరగాలి గానీ ఆకుని జరపకూడదని కట్టడి పెట్టిందీ ఆయనే. ఫొటోకి అడ్డమొచ్చిందని ఎండుటాకుని వేలితో తోసినందుకు ఒక స్నేహితుణ్ణి బృందంలోంచి పంపేశాడాయన. ఆ స్నేహితుడు తర్వాత రెండేళ్ళు వీధిలో కనబడితే మొహం తిప్పుకునేవాడు.

ఫొటోలు మగవాళ్ళు తీసుకున్నా పుస్తకం మటుకు వదినదే. ఏం కనబడింది, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ గట్టున, దేని మీద, వానా ఎండా, ఎవరు చూశారు. ఇరవై ఏళ్ళకి పందొమ్మిది పుస్తకాలయ్యాయి. ఆసుపత్రిలో ఆవిడకి అలవాటైన పద్ధతి ఒకటుంది. రాయనిది జరగనట్టే లెక్క, రాసినదాన్ని చెరపకూడదు. తప్పు పడితే దాని మీద చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పక్కన "పొరపాటు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. మేడమ్ అర్జీతో పాటు సంఘం ముందు పెట్టింది ఈ పందొమ్మిది పుస్తకాల్నే. ఫొటో ఎవరైనా తీస్తారు, ఇరవై ఏళ్ళు ఒక్క వారం తప్పకుండా రాసినవాళ్ళు ఎవరున్నారని అడిగిందట. వాళ్ళు నమ్మింది కూడా పుస్తకాల్ని చూసే.

వదిన వచ్చింది కొత్త కళ్ళజోడు కోసం. శుక్లాల ఆపరేషన్ అయిన దగ్గర్నించీ పాత జోడుతోనే నెట్టుకొస్తోంది, అంటే ఆర్నెల్లుగా అంతా పొగమంచులో చూస్తోందన్నమాట. ఊరందరికీ వారంలో చేసిచ్చే మరిది ఇంట్లో మనిషిని మాత్రం మూడు వారాలు తిప్పించుకున్నాడని దెప్పింది. మరిది నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. జోడు తుడిచి, తనే పెట్టి, చెవుల వెనక నొక్కుతోందేమో వేలితో చూసి, గోడ మీద అక్షరాల పటం చదవమన్నాడు. ఆవిడ కింది వరస దాకా గడగడా చదివేసి, దాని కింద అచ్చాఫీసు పేరు కూడా చదివింది. ఆ ఒక్క నిమిషం కళ్ళజోళ్ళాయన కష్టమంతా మర్చిపోయాడు. పనివాడికి తన పని కుదిరినప్పుడు వచ్చే సంతోషం అలాంటిది.

పటం పక్కనే క్యాలెండరు ఉంది.

వదిన దాని దగ్గరికి వెళ్ళింది. ఇన్నాళ్ళూ ఆవిడకి అది తెల్లటి కాగితం మీద నీలి మచ్చ. అందరూ బాగుందంటే బాగుందంది. ఇప్పుడు ముక్కు ఆనేటంత దగ్గరగా నిలబడి చాలాసేపు చూసింది. కళ్ళజోళ్ళాయన సొరుగు తాళం వేశాడు, మళ్ళీ తీశాడు.

"ఇవి పక్కకి ఒరిగి ఉన్నాయేంటి?" అంది.

గాలికి అయి ఉంటుందన్నాడు.

"గాలికి ఊగడానికి ఇవేమన్నా గడ్డిపోచలా? మీ అన్నయ్య ఎన్నిసార్లు చెప్పేవారు. చెట్టుకి ఏ పక్కన మొలిచినా పుట్టగొడుగు నేలకేసే చూస్తుంది. దాని కింది పొడి తిన్నగా రాలాలి కాబట్టి. ఇవి నాలుగూ చూడు, మలుపు తిరిగే బస్సులో జనంలాగా ఒకే వైపుకి వాలాయి. ఆ దుంగ బెరడు గరుగ్గా ఉంది, వీటి కిందది నున్నగా ఉంది. ఇవి ఆ దుంగ మీద పుట్టినవి కావు కదా?"

ఆయనకి ఇంకో అబద్ధం దగ్గర్లోనే ఉంది, అందుకుంటే అందుతుంది. కానీ ఆవిడ అడిగింది కోపంగా కాదు. జ్వరం ఎప్పట్నించి అని అడిగే గొంతుతో అడిగింది.

"కావు వదినా," అన్నాడు.

తర్వాత అంతా చెప్పాడు. నిరుడు వానల్లో ఒక బుధవారం ఒక్కడే వెళ్ళాడు. గోరంత కప్పపిల్ల ఒకటి ఆకు మీంచి ఆకు మీదికి గెంతుతుంటే దాని వెంటబడి వాగు దాటాడు. అవతల ముళ్ళపొదల కింద, ఎప్పుడో కూలి నానిపోయిన చెట్టు. చెట్టు నిండా నీలి గొడుగులు, ముప్పయ్యో నలభయ్యో. అంత నీలం అడవిలో ఆయన ఎప్పుడూ చూడలేదు. బోర్లా పడుకుని పాకాడు, చొక్కా చిరిగింది, మోచెయ్యి చీరుకుపోయింది. పళ్ళ డాక్టరు అద్దంలాగా పుల్లకి కట్టుకున్న చిన్న అద్దంతో వాటి కింది మడతలు కూడా చూశాడు. అన్నీ కనిపిస్తున్నాయి గానీ ఫొటో పడటం లేదు. ఏడు తీస్తే ఏడూ బావి అడుగున తీసినట్టే ఉన్నాయి. అప్పుడు చెయ్యి పెట్టగానే మూరెడు కొమ్మ ఒకటి విడివడి వచ్చింది, దాని మీద నాలుగున్నాయి. రెండు చేతులతో పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చి వాగు దాటించి, వెలుతురు పడుతున్న దుంగ మీద ఆనించాడు. పదకొండు తీశాడు. ఈలోగా కుండపోతగా వాన పట్టుకుంది. కెమెరా తడుస్తుందని పరుగెత్తాడు. కొమ్మ అక్కడే ఉండిపోయింది. రేపు వచ్చి ఎక్కడిదక్కడ పెట్టేద్దామనుకున్నాడు. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు.

"అన్నయ్యవి ఎప్పుడూ అట్ట మీదే పడేవి వదినా. నావి వెనక పేజీల్లో, తపాలా బిళ్ళంత. ఒక్కసారి ముందుకి రావాలనిపించింది. అన్నయ్య ఎలాగూ లేడు కదా అనుకున్నాను."

ఆ చివరి మాట అనేశాక గానీ అది ఎలాంటి మాటో ఆయనకి తెలియలేదు.

వదిన గిరాకీలు కూర్చునే ఎత్తు పీట మీద కూర్చుంది. చీకటి ఫొటోలు చూపించమంది. ఆయన కెమెరా తీసి ఇచ్చాడు. ఆవిడ ఏడూ చూసింది, రెండోసారి కూడా చూసింది. ఆ చీకట్లో కూడా గొడుగులు నేలకి సమానంగా, ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

"ఆ సాయంత్రం నువ్వు మా ఇంటికొచ్చి చెప్తుంటే నేను రాశాను. ఏ గట్టు అని రెండుసార్లు అడిగాను నిన్ను. రెండుసార్లూ ఇవతల అన్నావు," అంది వదిన.

అన్నయ్య కట్టడి తప్పడం ఒక ఎత్తు. ఏమీ ఎరగని ఈ మనిషి చేతితో అబద్ధం రాయించడం ఒక ఎత్తు. పందొమ్మిది పుస్తకాలూ ఒక్క మాట కోసం బోనెక్కాలిప్పుడు. ఇదొక్కటి తప్పయితే మిగిలినవి మటుకు నిజమని ఏమిటి నమ్మకం అని ఎవరైనా అడుగుతారు. అడగడం న్యాయమే కూడా.

అయినా మనిషి గడ్డిపోచ దొరికితే పట్టుకుంటాడు. తను అబద్ధమాడినా మంచే జరిగింది కదా అన్నాడు. ఇవతలి గట్టు దక్కింది. ఇరవై ఏళ్ళు నడిచిన దారి, పుస్తకాల్లో రాసుకున్న మొక్కలు, నత్తలు, సాలెపురుగులు అన్నీ ఇటే. ఇప్పుడు నిజం చెప్తే ఫొటో దొంగదవుతుంది, పుస్తకం దొంగదవుతుంది, మేడమ్ పరువు పోతుంది, రోడ్డు తిరిగి ఇటే రావచ్చు. ఊరుకుంటే సగం అడవైనా మిగులుతుంది.

"మిగిలే సగంలో అవి లేవుగా," అంది వదిన. "అవి ఉన్న చోటికే రోడ్డుని పంపించాం మనం."

అదే అసలు సంగతి. వాటిని కాపాడాలని రోడ్డుని జరిపారు, జరిపి సరిగ్గా వాటి నెత్తిన పెట్టారు. రోడ్డు జరిగిన దగ్గర్నించీ, అంటే మూడు నెలలుగా, ఇది ఆయనకి తెలుసు. తెలిసీ ఫ్రేములు బిగించుకుంటూ కూర్చున్నాడు.

మేడమ్‌కి నువ్వే చెప్పెయ్యి వదినా, నాకు నోరు రాదు అని బతిమాలాడు. ఆవిడ ఒప్పుకోలేదు.

"నీ నోటి మాట విని రాశాను. నువ్వు మళ్ళీ నీ నోటితో, వినవలసినవాళ్ళకి చెప్తేనే గీత కొడతాను. అంతవరకూ ఆ ముక్క నువ్వు రాయించినట్టే ఉంటుంది. నిన్ను పట్టివ్వడం నా పని కాదు," అని లేచి నిలబడింది. "ముందు పద, అవతల ఇంకా ఉన్నాయో లేదో చూద్దాం. లేని వాటికోసం కొట్టుకోవడం దేనికి?"

మధ్యాహ్నానికి దుకాణం మూసి ఇద్దరూ బయల్దేరారు. వదిన కొత్త జోడు పెట్టుకునే వచ్చింది.

వీళ్ళ నడక చూస్తే మామూలుగా నడిచేవాళ్ళకి జాలేస్తుంది. గంటకి ఫర్లాంగు కూడా సాగదు. నడిచేది కాళ్ళతోనే అయినా పని అంతా కళ్ళదీ మోకాళ్ళదీ. ఆ రోజు వదినకి అడవి కొత్తగా ఉంది. ఆర్నెల్ల తర్వాత నాచు మీద నీటి చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి. చిల్లుల ఆకు కింద వేలెడు గొంగళిపురుగు, బెరడు మీద బెరడులాగే కూర్చున్న రెక్కల పురుగు, ఎండు కొమ్మకి చెవుల్లా అంటుకున్న గోధుమరంగు పుట్టగొడుగులు, ఇలా ఒక్కొక్కటి చూపించి పేరు చెప్పి, మరిదికేసి చూసేది. తియ్యవా అన్నట్టు. ఆయన కెమెరా మెళ్ళోనే ఉంది గానీ మూత తియ్యలేదు. చిన్న నత్త ఒకటి దారి మధ్యలో కొమ్ములు చాచి, ఫొటోకి వచ్చిన పెళ్ళికొడుకులా కదలకుండా నిలబడింది. దాన్ని కూడా దాటుకుని వెళ్ళిపోయాడు. వదినకి అది చూసి మనసు కలుక్కుమంది. ఎంత తప్పు చేసినా మరిది మరిదే కదా.

వాగు దాటాలంటే దుంగ పక్కనుంచే వెళ్ళాలి. వారం రోజుల వానకి వాగు నిండుగా ఉంది, దాని హోరులో పక్కమనిషి మాట కూడా గట్టిగా అంటేగానీ వినబడదు. ముందు వెళ్తున్న వదిన దుంగ దగ్గర ఆగింది. ఏదైనా పామేమోనని కళ్ళజోళ్ళాయన గబగబా వచ్చాడు.

నీలి పుట్టగొడుగులు.

నిరుడు ఆయన వదిలేసిన కొమ్మ దుంగని ఆనుకుని, నాచు కప్పుకుపోయి, ఇక్కడిదే అన్నట్టు ఉంది. దాని మీంచి కొత్తగా అయిదు మొలిచాయి. దుంగ పగుల్లోంచి కూడా ఒకటి బఠాణీ గింజంత తల పెట్టింది. ఈసారి ఏదీ ఒరిగి లేదు. అన్నీ నిటారుగా, నేలకేసి చూస్తూ ఉన్నాయి. కళ్ళజోళ్ళాయన తడి నేల మీద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆయనకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే గుండెల మీంచి బండ దింపినట్టయింది.

"చూశావా వదినా. ఇంక అబద్ధం కాదిది. ఇవి ఇక్కడ మొలిచాయి. రేపు అందరూ వచ్చి కళ్ళారా చూస్తారు. ఎవరి పుస్తకమూ తప్పు కాదు."

వదిన వంగి, ఏదీ ముట్టుకోకుండా, ఒక్కొక్కటీ చూసింది. ఆవిడకీ ముచ్చటేసింది, దాచుకోలేదు. బాగున్నాయి మరిదీ అంది. తర్వాత మెల్లగా నిటారయి, ఇవాళ్టి తేదీతో ఇవి ఇక్కడున్నాయని రాస్తానంది. నిరుటి తేదీ కింద ఉన్నది మటుకు నిరుటిదేనట. అని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వాగు దాటే రాళ్ళు నీళ్ళలో ఎక్కడ మునిగాయో చూస్తోంది.

అప్పుడే వెనక దారిలో మనుషులొచ్చారు. ముందు మేడమ్, వెనక రోడ్డు ఇంజనీరు. రేపు పెద్ద వాన ఉందని విని, చూసేదేదో ఇవాళే చూసేద్దామని వచ్చామని, దుకాణానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదని మేడమ్ దూరం నుంచే చెప్పుకుంటూ వచ్చింది. దుంగ దగ్గరికి రాగానే ఆవిడ మాట ఆగిపోయింది. ఎంత చదువుకున్న మనిషైనా అప్పుడు చిన్నపిల్లయిపోయింది. చేతిలో గొడుగు పారేసి, బురదలో కూర్చుని, చెంప నేలకి ఆనించి కింద నుంచి చూసింది. లేచేసరికి బొట్టు పక్కన మట్టి అంటుకుని ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

ఇంజనీరు చెడ్డవాడేం కాదు. ఆయనకి కావలసింది తిన్నటి రోడ్డు, తొందరగా సంతకం. బూటుకి అంటిన బురదని రాయికి రాసుకుంటూ, కాగితం మీద ఒక ముక్క పూర్తి చెయ్యాలన్నాడు. మొదటిసారి చూసిన చోటు, చూసినవాళ్ళ మాటగా.

"చెప్పండి, మీరు నిరుడు మొదట చూసింది ఇక్కడే కదండీ?" అంది మేడమ్. అడగడం కూడా కాదు, అవుననడానికి వీలుగా తలుపు తీసి పట్టుకుంది.

అవును అంటే చాలు. రెండక్షరాలు ఎక్కువ కూడా అక్కర్లేదు, తలూపితే చాలు. అయిదు గొడుగులు సాక్ష్యం, ఫొటో సాక్ష్యం, పుస్తకం సాక్ష్యం. కళ్ళజోళ్ళాయన వదినకేసి చూశాడు. వదిన ఆయనకేసి చూడటం లేదు. కొత్త కళ్ళజోడులోంచి వాగుకేసి చూస్తోంది. ఇదివరకు ఆసుపత్రిలో మంచం మీది మనిషి తనంతట తాను లేచి కూర్చోవాలని ఎదురుచూసినప్పుడు కూడా అలాగే కిటికీలోకి చూస్తూ నిలబడేదేమో.

"కాదండీ," అన్నాడాయన. "ఇక్కడ కాదు. ఈ కొమ్మ నేను తెచ్చి పెట్టాను, ఫొటో కోసం. అసలు చెట్టు వాగవతల ఉంది. ఈవిడకి నేను అబద్ధం చెప్పి రాయించాను. ఈవిడ తప్పు ఇందులో లేదు. అక్కడ తీసిన ఫొటోలు కెమెరాలో ఉన్నాయి, చీకటిగా ఉంటాయి గానీ కనిపిస్తాయి."

మేడమ్ మొహంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది, అది చూస్తూ నిలబడటమే ఆయనకి శిక్షయింది. ఆవిడ పారేసిన గొడుగుని తీసుకుని, అనవసరంగా విప్పి, మళ్ళీ మూసింది. కళ్ళజోళ్ళాయనకి మటుకు, విచిత్రంగా, నిరుటి వాన దగ్గర్నించి ఇవాళ్టికి మొదటిసారి ఊపిరి పూర్తిగా అందింది.

ఇంజనీరు బూటు రాయడం మానేశాడు.

"అవతల అంటే ఎక్కడండీ?" అన్నాడు.

"ఆ ఎదురుగానే. ముళ్ళపొదల కింద, కూలిన చెట్టు."

"పెద్ద బండ పక్కనున్న పొదలేనా?"

"అవే."

ఇంజనీరు మేడమ్‌కేసి చూశాడు, వాగుకేసి చూశాడు. "కొలతకి అడ్డం వస్తున్నాయి, నరికెయ్యమని పొద్దున్నే చెప్పానండీ. మావాళ్ళు ఇప్పుడు కొడుతున్నది అవే," అన్నాడు.

వాగు హోరు వెనక, ఇంతసేపూ ఎవరూ పట్టించుకోని చప్పుడు ఒకటి ఉంది. వింటే వినబడింది. తడి కొయ్య మీద కత్తి దెబ్బ, ఆగి ఇంకో దెబ్బ. కళ్ళజోళ్ళాయన మెళ్ళోంచి కెమెరా తీసి వదిన చేతిలో పెట్టాడు. రాళ్ళు ఎక్కడున్నాయో చూసుకోలేదు, బూట్లు విప్పలేదు, తిన్నగా నీళ్ళలోకి దిగాడు. నడుం దాకా మునిగాక ఆగండని రెండు చేతులూ ఎత్తి అరిచాడు. అవతల చప్పుడు ఆగలేదు.